పది నిమిషాల వెంబడింపు: ‘ఛేజ్ హెచ్.క్యూ.’ వీడియో గేమ్ - ఒక విలువ నిర్ణయం

వ్యాససంగ్రహం

వీడియో గేమ్‌ల విలువను అవి ఎన్ని గంటలు సాగుతాయన్న లెక్కతో తూచడం నేడు సర్వసాధారణమైంది. ఈ కొలమానం చిన్న ఆటలకు అన్యాయం చేస్తుంది. జపాన్‌కు చెందిన టైటో సంస్థ 1988లో విడుదల చేసిన ‘ఛేజ్ హెచ్.క్యూ.’ మొదటి నుంచి చివరి వరకు సుమారు పది నిమిషాలలో పూర్తయ్యే కారు ఛేజింగ్ ఆట. దీనిని ఉదాహరణగా తీసుకుని, అంత స్వల్పమైన ఆట ఆడదగినదా కాదా అని తేల్చడానికి ఏ ప్రమాణాలు అవసరమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వీడియో గేమ్, కారు ఛేజింగ్, ఆర్కేడ్, ఆట సిద్ధాంతాలు, చెడుగుడు, విలువ నిర్ణయం.

1. ప్రవేశిక

సాహిత్యంలో పరిమాణాన్ని బట్టి విలువ కట్టే అలవాటును భారతీయ ఆలంకారికులు ఏనాడో ప్రశ్నించారు. అమరుకుని ముక్తకాలు ఒక్కొక్కటీ ప్రబంధంతో సమానంగా రసాన్ని స్రవింపజేస్తాయని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో గుర్తించాడు. నాలుగు పాదాల శ్లోకాన్ని పన్నెండు సర్గల కావ్యంతో నిడివిలో పోల్చడం అర్థంలేని పని అని తెలుగు విమర్శకు కొత్తగా చెప్పనక్కరలేదు. చాటువును, ఖండకావ్యాన్ని, కథానికను వాటి వాటి ధర్మాన్ని బట్టి తూచడం ఈ భాషలో స్థిరపడిన పద్ధతే.

వీడియో గేమ్‌ల విషయంలో మాత్రం ఈ వివేకం ఇంకా అలవడలేదు. కొనుగోలుదారు ధరను గంటలతో భాగించి చూస్తాడు. వంద గంటల ఆట ‘గిట్టుబాటు’, పది నిమిషాల ఆట ‘మోసం’. ఈ లెక్కలో తూకం వేసే వస్తువు ఆట కాదు, కాలక్షేపం. ఆడే వ్యక్తి తిరిగి పొందలేని కాలాన్ని వెచ్చిస్తున్నాడన్న సంగతి ఇందులో లాభం కింద నమోదవుతుంది, ఖర్చు కింద కాదు. ఈ విచిత్రాన్ని సరిచేయాలంటే సిద్ధాంతచర్చ ఒక్కటే చాలదు. నిజంగా చిన్నదైన ఒక ఆటను దగ్గరగా చూడాలి.

2. ఆట స్వరూపం

‘ఛేజ్ హెచ్.క్యూ.’ నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రం కోసం తయారైన ఆట. ఆటగాడి ముందు స్టీరింగ్ చక్రం, యాక్సిలరేటర్, బ్రేకు, హెచ్చు తగ్గు వేగాలకు రెండు స్థానాలున్న గేరు, ‘టర్బో’ అనే అదనపు వేగాన్నిచ్చే మీట ఉంటాయి. కథ అతి స్వల్పం. టోనీ గిబ్సన్ అనే పోలీసు డిటెక్టివ్, అతని సహచరుడు రేమండ్ బ్రోడీ నల్లని పోర్షె 928 కారులో ఉంటారు. ప్రధాన కార్యాలయం నుంచి నాన్సీ అనే ఉద్యోగిని రేడియోలో మాట్లాడుతుంది. ఎవరు పారిపోతున్నారో, ఏ రంగు కారులో ఎటు పోతున్నారో రెండు మూడు వాక్యాలలో చెబుతుంది. మొదటి దశలో ఐడహోకు చెందిన రాల్ఫ్ అనే నేరస్థుడు తెల్లని కారులో పారిపోతుంటాడు. అయిదో దశకు వచ్చేసరికి తూర్పు యూరప్ కూటమికి చెందిన గూఢచారి ఎదురవుతాడు. 1988 నాటికి ప్రచ్ఛన్నయుద్ధం ఇంకా ముగియలేదన్న సంగతి ఆ ఒక్క పాత్రతో తెలిసిపోతుంది.

దశలు అయిదు. ప్రతి దశలోనూ రెండు భాగాలున్నాయి. అరవై సెకన్లలోగా నేరస్థుని కారును అందుకోవాలి. అది మొదటి భాగం. అందుకోగానే గడియారం పొడిగింపబడుతుంది, సహచరుడు కిటికీలోంచి చేయి చాపి కారుపై ఎర్రదీపం అమర్చుతాడు. ఇక రెండో భాగంలో ఆ కారును పదేపదే గుద్ది ఆపాలి. ప్రతి దెబ్బకూ తెరపై నష్టసూచిక కొంత నిండుతుంది. అది పూర్తిగా నిండితే నేరస్థుడు పట్టుబడినట్టు. మధ్యలో రోడ్డు రెండుగా చీలుతుంది. తప్పుదారి పట్టినవారు విలువైన సెకన్లు పోగొట్టుకుంటారు. టర్బోలు మూడే మూడు.

ఇంతకు మించి ఈ ఆటలో ఏమీ లేదు. మలుపులు, సొరంగాలు, అడ్డొచ్చే వాహనాలు ఉన్నాయి కానీ దాచిన రహస్యాలు, కారుకు మెరుగులు, కొత్త శక్తులు లేవు. రెండు భాగాల కాలాన్నీ కలిపి అయిదుతో హెచ్చవేస్తే పది నిమిషాల ప్రాంతానికి వస్తుంది.

3. తాకిడికి రెండు విలువలు

కారు ఆటల చరిత్రలో ఈ పది నిమిషాలకు ఉన్న స్థానం అర్థం కావాలంటే, అంతకు ముందరి ఆటలలో మరో కారును తాకడం అంటే ఏమిటో గుర్తుచేసుకోవాలి. 1986లో సెగా విడుదల చేసిన ‘అవుట్ రన్’లో ఇతర వాహనాన్ని తాకితే వేగం పోతుంది, గట్టిగా తగిలితే కారు పల్టీ కొడుతుంది. 1990ల్లో టీవీకి తగిలించి ఆడే కార్ట్రిడ్జ్ ఆటల ద్వారా ఎన్నో తెలుగు ఇళ్లలోకి వచ్చిన ‘రోడ్ ఫైటర్’ (కోనామి, 1984) కూడా అంతే. ఎదుటి కారు తగిలితే బండి అదుపు తప్పి గిరగిరా తిరుగుతుంది. ఆ తరం పిల్లల చేతులు నేర్చిన పాఠం ఒక్కటే: తప్పించుకో, తాకకు.

‘ఛేజ్ హెచ్.క్యూ.’ మొదటి అరవై సెకన్లలో ఆ పాఠాన్నే వల్లె వేయిస్తుంది. వాహనాల మధ్య సందులు వెతకాలి, అంచుల వెంట జారిపోవాలి, దేనినీ తాకరాదు. నేరస్థుని కారు కనిపించిన క్షణాన నియమం తలకిందులవుతుంది. ఇప్పటిదాకా ఏది దోషమో అదే లక్ష్యం. అయితే తలకిందులు కావడం కూడా సంపూర్ణం కాదు. అమాయకుల కార్లు ఇంకా అదే రోడ్డుపై ఉన్నాయి, వాటిని తాకితే నష్టం ఎప్పటిలాగే ఉంది. ఒకే తెరపై, ఒకే వేగంలో, ఒక తాకిడి గెలుపు, మరొక తాకిడి ఓటమి. కన్ను వాటిని వేరుచేయాలి, చేయి ఆ తీర్పును అమలు చేయాలి. ఇదంతా లిప్తపాటులో జరగాలి.

ఈ నిర్మాణం తెలుగువారికి కొత్తది కాదు. చెడుగుడులో కూతకు వెళ్లినవాడు మొదట ఎదుటివారిని ముట్టుకోవాలని చూస్తాడు. ముట్టుకున్న మరుక్షణం అతనికి స్పర్శే ప్రమాదం, పట్టుబడకుండా గీత దాటి రావాలి. అవతలి జట్టుకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. అంతవరకు అతనికి అందకుండా వెనక్కి తగ్గినవారు ఒక్కసారిగా అతని మీద పడతారు. నేటి కబడ్డీ నియమాల ప్రకారం ఒక కూతకు ముప్ఫై సెకన్లే. ఆ ముప్ఫై సెకన్లలో ఒకే చేష్ట విలువ మారిపోవడమే ఆటకు ప్రాణం. ముప్ఫై సెకన్ల కూత చిన్నదని ఏ ప్రేక్షకుడూ ఫిర్యాదు చేయడు.

ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు రోజే కాయువా 1958లో ఆటలను నాలుగు మూలస్వభావాలుగా విభజించాడు: స్పర్ధ, యాదృచ్ఛికత, అనుకరణ, తలతిరిగే మైకం. కారు ఛేజింగ్ ఆటలలో సాధారణంగా చివరి రెండే ముందుకు వస్తాయి. పోలీసుగా నటించడం అనుకరణ. తెర మీద రోడ్డు మీదికి దూకి వస్తున్నట్టు తోచడం మైకం. చిన్న చిత్రాలను క్షణక్షణానికీ పెద్దవి చేస్తూ చూపి లోతును భ్రమింపజేసే పద్ధతి ఆ మైకానికి సాధనం. ఈ రెండింటితోనే ఆట ఆగిపోతే ఒకసారి చూసి మరచిపోదగిన వినోదంగా మిగిలేది. తాకిడికి రెండు విలువలివ్వడం వల్ల స్పర్ధ కూడా ప్రవేశించింది. ఆ స్పర్ధ నేరస్థునితో కన్నా ఆటగాని స్వంత అలవాటుతోనే ఎక్కువ.

మూడు టర్బోల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దూరంగా ఉన్న నేరస్థుని త్వరగా అందుకోవడానికి వాటిని వాడవచ్చు, అందుకున్నాక బలంగా గుద్దడానికి దాచుకోవచ్చు. రెండు అవసరాలకూ చాలినన్ని లేవు. మలుపులో నొక్కితే కారు రోడ్డు దిగుతుంది కనుక అప్పుడు వృథా. ఈ ఆటలో ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం ప్రధానంగా ఇదొక్కటే అనవచ్చు. ఒక్కటే అయినా ప్రతి దశలోనూ కొత్తగా ఎదురవుతుంది, ఏ సమాధానమూ శాశ్వతంగా సరైనది కాదు.

4. నాణెం, గడియారం

పది నిమిషాల ఆట అన్న మాటలో ఒక చిక్కు ఉంది. ఆ పది నిమిషాలు అన్ని దశలూ దాటగలిగినవారి లెక్క. మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నవారికి ఆట నిడివి ఒక్క నిమిషమే కావచ్చు. రాల్ఫ్ కారు కనిపించకముందే గడియారం సున్నాకు చేరుతుంది. మరో నాణెం వేస్తే కొనసాగవచ్చు. యంత్రం యజమానికి కావలసింది అదే. ఆర్కేడ్ ఆటల క్లుప్తతకు కళాదృష్టి కన్నా ముందు వ్యాపారదృష్టి కారణమన్న నిజాన్ని కప్పిపుచ్చనవసరం లేదు. ఒక ఆటగాడు ఎక్కువసేపు నిలిస్తే వెనుక వరుసలో ఉన్నవాని నాణెం రాదు.

కనుక చిన్న ఆటకు రెండు నిడివులుంటాయి. ఆడి ముగించడానికి పట్టే కాలం ఒకటి, ముగించగలిగే నేర్పు సంపాదించడానికి పట్టే కాలం రెండోది. వర్ణం పాడడానికి కొద్ది నిమిషాలు చాలు. కానీ పాడగలగడానికి ఎన్నాళ్లు పడుతుందో సంగీతం నేర్చుకున్న ప్రతివారికీ తెలుసు. ఆట విలువను మొదటి నిడివితో కొలిచేవారు రెండోదాన్ని చూడరు.

అయితే ఇందులో ఒక షరతు దాగి ఉంది. నాణేలకు అంతులేనప్పుడు రెండో నిడివి మాయమవుతుంది. ఆర్కేడ్ ఆటలను ఇంటి యంత్రాలలోకి తెచ్చినప్పుడు తరచు జరిగేది ఇదే. ఒక మీట నొక్కితే ఉచితంగా మరో నాణెం పడుతుంది, ఓడినా ఆట ముందుకే సాగుతుంది. అలా ఆడినవారు పది పన్నెండు నిమిషాలలో చివరి దృశ్యం చూసి, ఇంతేనా అని లేచిపోతారు. వారి అసంతృప్తి న్యాయమైనదే, కానీ వారు చూసింది ఆట కాదు, దాని ప్రదర్శన మాత్రమే. ఆటకు స్థలకాలాల హద్దులుంటాయని, ఆ హద్దులను అంగీకరించడంతోనే ఆట మొదలవుతుందని డచ్ చరిత్రకారుడు యోహాన్ హుయిజింగా 1938లో ‘హోమో లూడెన్స్’ అన్న గ్రంథంలో ప్రతిపాదించాడు. నాణెం ఆ హద్దులలో ఒకటి. ఇంట్లో ఆడేవారు దానిని తమకు తాముగా విధించుకోవాలి. ఆటలో లేని క్రమశిక్షణను ఆటగాడు తెచ్చుకోవలసి రావడం ఒక లోపమే. విలువ కట్టేటప్పుడు దానిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

5. బొమ్మ పోయినా నిలిచినది

ఏది ప్రాణం, ఏది అలంకారం అని తేల్చడానికి ‘ఛేజ్ హెచ్.క్యూ.’ విషయంలో ఒక అనుకోని పరీక్ష జరిగింది. 1989లో బ్రిటన్‌కు చెందిన ఓషన్ సాఫ్ట్‌వేర్ ఈ ఆటను ఇంటి కంప్యూటర్లకు తీసుకువచ్చింది. వాటిలో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అత్యంత బలహీనమైన యంత్రాలలో ఒకటి. ఆర్కేడ్ యంత్రంలో రెండు 68000 ప్రాసెసర్లు పనిచేస్తే, ఇక్కడ సెకనుకు 35 లక్షల స్పందనల వేగంతో నడిచే ఒకే ఒక జెడ్80 ఉంది. రంగుల విషయంలో పరిమితి మరీ తీవ్రం. అందువల్ల రోడ్డు, కార్లు దాదాపు ఒకే రంగులో, నల్లని గీతలతో కనిపిస్తాయి.

అయినా జాన్ ఓబ్రయన్ ప్రోగ్రామింగ్‌తో, బిల్ హార్బిసన్ చిత్రాలతో తయారైన ఆ రూపం స్పెక్ట్రమ్‌పై వచ్చిన ఉత్తమమైన ఆటలలో ఒకటిగా పేరు పొందింది. రంగు పోయింది, స్టీరింగ్ చక్రం పోయింది, జపాన్ యంత్రంలోని ఇంజను హోరు పోయింది. కానీ వేగం ఉంది. రోడ్డు ఎత్తుపల్లాలు ఉన్నాయి. అన్నిటికీ మించి, తప్పించుకోవడం నుంచి గుద్దడానికి మారే ఆ క్షణం చెక్కుచెదరలేదు. రంగుల విషయంలో స్పెక్ట్రమ్ కన్నా మెరుగైన కామొడోర్ 64 రూపం మాత్రం అంత మన్నన పొందలేదు. తెరపై రంగులున్నా, వెంబడింపులో ఉండవలసిన ఒరవడి లోపించింది. చిత్రం ఎంత అందంగా ఉందన్నది చిన్న ఆటకు మొదటి ప్రశ్న కాదని ఈ రెండు రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

టైటో 1989లోనే ‘స్పెషల్ క్రిమినల్ ఇన్వెస్టిగేషన్’ పేరుతో తరువాయి భాగం తెచ్చింది. ఈసారి సహచరుని చేతికి తుపాకి ఇచ్చారు. ఆటలో చేయగలిగిన పనులు పెరిగాయి. దూరం నుంచే కాల్చగలిగినప్పుడు తాకిడి ఒక మార్గం మాత్రమే అవుతుంది, ఆటంతా దాని చుట్టూ తిరగదు. చేర్పు కూడా ఒక్కోసారి కోత అవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ. మూల ఆట చూపిన దారిని చాలాకాలం తర్వాత క్రైటీరియన్ సంస్థ అందుకుంది. 2004 నాటి ‘బర్న్‌అవుట్ 3: టేక్‌డౌన్’లో ఎదుటి కారును గుద్ది పడగొట్టడమే ప్రధానాకర్షణ.

6. నష్టసూచికలో కనిపించని మనిషి

ఆడదగినదా అన్న ప్రశ్నకు నైపుణ్యం ఒక్కటే సమాధానం కాదు. ఆట ఏమి చేయిస్తున్నదన్నది కూడా చూడాలి. ‘ఛేజ్ హెచ్.క్యూ.’లో రేడియో చెప్పిన వాక్యమే తీర్పు. పేరు వినిపించిన క్షణం నుంచి ఆ కారులోనివాడు నేరస్థుడు. జనం తిరిగే రోడ్డుపై గంటకు వందల కిలోమీటర్ల వేగంతో అతని కారును గుద్దడం కర్తవ్యం. దారిలోని ఇతరుల కార్లను గుద్దితే ఆటగాడికి కలిగే నష్టం కొన్ని సెకన్లు మాత్రమే.

ఇది వట్టి ఊహ కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2001లో అతివేగంగా వెళ్తున్న ఒక కారును పోలీసులు వెంబడించారు. ఒక అధికారి తన వాహనంతో దాని వెనుక బంపరును నెట్టాడు. కారు రోడ్డు దిగి బోల్తాపడింది, నడుపుతున్న యువకుడు కాళ్లూ చేతులూ చచ్చుబడి శాశ్వతంగా వికలాంగుడయ్యాడు. ‘స్కాట్ వర్సెస్ హారిస్’ పేరుతో ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు అధికారి చర్య సమంజసమేనన్నారు, జస్టిస్ స్టీవెన్స్ ఒక్కరే విభేదించారు. వెంబడింపును పోలీసు వాహనంలోని కెమెరా చిత్రించింది, న్యాయమూర్తులు ఆ వీడియో చూశారు. అది హాలీవుడ్ సినిమాలోని భీకరమైన ఛేజింగ్‌లా ఉందని అధికసంఖ్యాకుల తీర్పు వర్ణించింది. రెండు వరుసల రోడ్లపై కారు నడపడం నేర్చుకున్న తరానికి ఆ దృశ్యం అంత భయం కలిగించి ఉండేది కాదని స్టీవెన్స్ అభిప్రాయం.

ఇక్కడ గమనించవలసింది తీర్పు సరైనదా కాదా అన్నది కాదు. నిజమైన వెంబడింపును చూసే కంటిని సినిమా వెంబడింపు తీర్చిదిద్దిందన్న సూచన దేశపు అత్యున్నత న్యాయస్థానం మాటల్లోనే కనిపిస్తుంది. ఆట సినిమా కన్నా ఒక అడుగు ముందుకు వేస్తుంది, చూసేవానినే చక్రం పట్టమంటుంది. ఆ కారణంగా ‘ఛేజ్ హెచ్.క్యూ.’ను నిరపాయకరమని కొట్టిపారేయడం తగదు.

అయితే దానిని పూర్తిగా తోసిపుచ్చడమూ సబబు కాదు. బల్లపరుపు బొమ్మలతో, అతిశయోక్తి పేర్లతో, ప్రతి దశలోనూ ఒకే రీతిలో సాగే ఈ ఆట వాస్తవాన్ని చూపుతున్నానని ఎక్కడా నమ్మబలకదు. పిల్లలు వీధిలో ఆడే దొంగ-పోలీసు ఆటకు అది దగ్గరగా ఉంటుంది. అక్కడా దొంగ ఎందుకు దొంగ అయ్యాడో ఎవరూ అడగరు, మరుసటి వంతులో పోలీసే దొంగ అవుతాడు. టైటో ఆటలో ఆ వంతు మారడం లేదు. వీధి ఆటలో ఉన్న న్యాయం యంత్రంలో లోపించిన చోటు అదే. బొమ్మలు వాస్తవానికి దగ్గరయ్యే కొద్దీ ఈ లోపం బరువు పెరుగుతుంది. 1988 నాటి తెరపై అది భరించదగినంతే.

7. ఆడదగినవారు, ఆడదగిన తీరు

కథ కోసం ఆడేవారికి ఈ ఆటలో ఏమీ దొరకదు. దారులు వెతుకుతూ తీరికగా తిరగడం ఇష్టపడేవారికి ఇది ఊపిరాడనివ్వదు. పూర్తి ధర చెల్లించి ఇదొక్కటే కొనవలసి వస్తే వెనకాడడం సహజం. 1989లో క్యాసెట్ కొన్న పిల్లవానికి అది నెలల తరబడి ఉన్న ఒకే ఆట కావచ్చు, నేటి కొనుగోలుదారు స్థితి అది కాదు. కొన్ని పాత ఆటలతో కలిపి చౌకగా దొరికితే మాత్రం ఆలోచించవలసిన పనిలేదు. స్పర్శ విలువ మారే ఆటలో ఉన్న ఉత్కంఠ ఎలాంటిదో చెడుగుడు ఆడిన చేతులకు వెంటనే తెలుస్తుంది.

ఆడేవారు కొనసాగింపు నాణేలను పక్కన పెట్టి, ఒక్క నాణెంతో వెళ్లగలిగినంత దూరం వెళ్లి ఆగడం మంచిది. మొదటి కూర్చోటులో మూడు టర్బోలూ నేరస్థుని అందుకోవడానికే ఖర్చయి, రెండో భాగంలో చేయి ఖాళీగా ఉంటుంది. రెండోసారి వాటిని దాచిపెడితే, సొరంగం దాటకముందే గడియారం ముగియవచ్చు. మూడోసారి కూర్చున్నప్పుడు మలుపుకు ముందు వేగం తగ్గించి, తిన్నని రోడ్డు వచ్చేదాకా వేలును మీట మీద నిలిపి ఉంచడం దానంతట అదే జరుగుతుంటే, ఆ ఆటగాడికి ఈ పది నిమిషాలు చాలాకాలం సరిపోతాయి. మూడోసారి కూడా వేలు ఆగకుండా మొదటి మలుపులోనే మీట నొక్కేసి, అందుకు విచారం కూడా కలగకపోతే, ఆట అక్కడితో కట్టిపెట్టవచ్చు.